నేపుల్సు నగరపు టమాటా సాసు

ఇటలీ దేశపు దక్షిణ భాగంలో, సముద్రపు వంపున నేపుల్సు నగరం ఉన్నది. దాని తూర్పున వెసూవియస్ అగ్నిపర్వతం. క్రీ.శ. 79లో పాంపే పట్టణాన్ని పూడ్చివేసినది ఈ కొండయే. చివరిసారి 1944లో రగిలినది. ఆ బూడిద కలిసిన నేల మాత్రం మహా సారవంతము. కొండకు అవతల సార్నో నది లోయలో పండే శాన్ మర్జానో టమాటా కోలగా, కండ దండిగా, గింజలు తక్కువగా ఉంటుంది. 1996 నుంచి యూరపు చట్టం ఆ పేరుకు రక్షణ ఇచ్చినది.

మా అమ్మాయి అక్కడ చదువుకొంటున్నందున 2023 వేసవిలో మేము దంపతులము రెండు వారాలు ఆ ఊళ్ళో ఉన్నాము. మన బరంపురం వీధుల్లో పోపు వాసన వచ్చినట్లు, అక్కడి సందుల్లో మధ్యాహ్నమైతే వెల్లుల్లి, టమాటా వాసన.

చిత్రమేమంటే, టమాటా ఆ దేశపు పండు కాదు. 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి స్పెయిను మీదుగా వచ్చినది. ఇటలీవారు ‘పొమొదోరో’, అనగా బంగారు ఆపిలు అన్నారు. మన ఒడియా ఇరుగుపొరుగులు ‘బిలాతి బైగణ’, అనగా విలాయతి వంకాయ అంటారు. 1690 ప్రాంతాల నేపుల్సులో వెలువడిన లతీనీ వంటల పుస్తకంలో టమాటా సాసుకు ‘స్పెయిను పద్ధతి’ అనే పేరు. 1839లో కవల్కాంతి అనే ప్రభువు తన పుస్తకానికి నేపుల్సు ఇంటిమాటలోనే ఒక భాగం చేర్చి, టమాటాతో పాస్తా చేసే విధం అందులో వ్రాసినాడు. పరాయి పండు ఇంటిమాటలోకి వచ్చి ఇంటిదైపోయినది.

అమ్మాయి ఉన్న ఇంటి యజమానురాలు మాకు చేసి చూపిన విధమిది. నలుగురికి ముప్పాతిక కిలో బాగా పండిన టమాటాలు కావలెను. మరిగే నీళ్ళలో ఒక నిమిషం ఉంచి, తోలు తీసి, చేతితో నలపవలెను. నాలుగు చెంచాల ఆలివు నూనెలో రెండు వెల్లుల్లి రేకలు చితిపి వేసి, లేత బంగారు రంగు రాగానే టమాటా గుజ్జు వేయవలెను. వెల్లుల్లి మాడితే చేదు. ఉప్పు వేసి సన్నని సెగపై ఇరవై నిమిషాలు ఉడికితే చిక్కబడుతుంది. దించేముందు బేసిల్ ఆకులు తుంచి వేయవలెను. అది మన సబ్జా గింజల మొక్క జాతిదే. పోపు లేదు, పసుపు లేదు, కారం లేదు. ఉప్పునీళ్ళలో ఉడికించిన పాస్తాను ఇందులో కలిపి, బిగుసుకొంటే ఆ ఉడికిన నీళ్ళే కాస్త పోయవలెను. మన నాటు టమాటా పులుపెక్కువ గనుక చిటికెడు చక్కెర వేసుకోవచ్చును.

ఆగస్టు నెలలో అక్కడ అనేక కుటుంబాలు గంపలకొద్దీ టమాటాలు తెచ్చి, ముసలివారు మొదలు పిల్లల వరకు కూర్చుండి, రసం తీసి సీసాలకెత్తి ఏడాదికి దాచుకొంటారు. మన ఆవకాయ రోజులే అనుకోండి.

1880కీ 1924కీ నడుమ సుమారు 40 లక్షలమంది ఇటలీవారు అమెరికాకు వలసపోయినారు. అందులో దక్షిణాదివారే హెచ్చు. మనుమల కాలానికి చాలా ఇళ్ళలో మాట పోయినది, ఆదివారపు సాసు మాత్రం నిలిచినది. తరతరాలుగా పరభాషా ప్రాంతాలలో ఉన్న మనకు ఇది ఆలోచించదగిన విషయము. మన పిల్లలు గోంగూర అడిగి తింటారు. ఆ అడగడం ఏ భాషలో అడుగుతున్నారు?

వచ్చే ఆదివారం ఈ సాసు చేసి చూడండి. టమాటాలు పిల్లలచేతనే నలిపించండి. ఏది ముందు వేయవలెనో, ఏది ఎంత వేయవలెనో తెలుగులో చెప్పండి. వారిచేత మళ్ళీ చెప్పించండి.