మేత తక్కువ సర్క్యూట్లు

అటక మీద పాత కంప్యూటరుందా? పాత ఇనుము బండికి వేసేయకండి, కాస్త ఆగండి. దాని వెనకవైపు చూడండి. అటో మర, ఇటో మర, నడుమ తొమ్మిది పిన్నులు. అదే సీరియల్ పోర్టు. కబుర్లు మోయడానికి పుట్టింది పాపం. మనం దాంట్లోంచి కరెంటు లాగుదాం!

నవ్వకండి. పాత సీరియల్ మౌసుకి మీరెప్పుడైనా సెల్లు వేశారా? గోడ ప్లగ్గులో పెట్టారా? మరి ఏం తిని బతికిందంటారు? ఈ పిన్నుల్లోంచే లాక్కుంది. 4వది డీటీఆర్, 7వది ఆర్టీఎస్. "నేను సిద్ధం" అని కంప్యూటర్ సైగ చేసే తీగలవి. సైగ ఉన్నంతసేపూ వాటి మీద 5 నుంచి 12 వోల్టుల దాకా ఉంటుంది. చెరో 1ఎన్4148 డయోడు తగిలించి, రెండు కొసలూ కలిపి ఓ కెపాసిటరుకి ఇవ్వండి. గ్రౌండు 5వ పిన్ను. అయిపోయింది!

ఎంతొస్తుందంటారా? ఏవో కొన్ని మిల్లీఆంపులు. పిన్నుకి పది దాటి ఆశపడ్డారో, వోల్టేజీ చతికిలబడుతుంది. మన పుంగనూరు ఆవు లేదూ, మూడడుగులు దాటదు, పిడికెడు మేతతో సరిపెట్టుకుంటుంది, చిక్కటి పాలిస్తుంది! సర్క్యూటు ఆ జాతిదై ఉండాలి. 78ఎల్05 రెగ్యులేటరు పనికిరాదు, తన పొట్టకే మూడు మిల్లీఆంపులు కావాలంటుంది. ఎల్పీ2950 పెట్టండి. ఎల్ఈడీ సరదా మానుకోండి.

ఇంతా చేసి ఏం నడపాలి? డీఎస్18బీ20 ఉంది, వేడి కొలిచే చిన్న చిప్పు, ఒకటిన్నర మిల్లీఆంపు చాలు. మదనపల్లె చలి సంగతి తెలుసుగా. వాతావరణ శాఖ ఆరోగ్యవరంలో కొలుస్తుంది, మీ పెరటి లెక్క ఎవరు చూస్తారు? కరెంటు ఎక్కడ దొరికితే అక్కడ వాడుకోవడం మనవైపు కొత్తా ఏమిటి? 2002లో హెచ్‌పీ వాళ్లు కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పథకం మొదలుపెట్టాక, పల్లె ఆడవాళ్లు సోలారు పలక తోడుగా కెమెరా, ప్రింటరు పట్టుకుని ఫొటోలు తీసి అమ్మారు.

యూఎస్‌బీలో అడిగితే 500 మిల్లీఆంపులు వస్తాయి కదా అంటారు. వస్తాయి. అందులో సరదా ఏదీ?

ఒక్క మాట. ఏ ప్రోగ్రామూ పోర్టు తెరవకపోతే ఆ పిన్నులు మామూలుగా మైనస్‌లో ఉంటాయి, డయోడు దాటి చుక్క రాదు. ముందు తెరవండి, మీటరు పెట్టి చూడండి, ఆ తర్వాతే సోల్డరు వేడి చేయండి.