తమ్ముని వంతు వచ్చినప్పుడు

విదేశంలో స్థిరపడిన ప్రతి కుటుంబాన్నీ ఊరివారు అడిగే ప్రశ్న ఒకటుంది: "మీవాళ్ళను ఎప్పుడు పిలిపించుకుంటారు?" వికారాబాదులో అమ్మను, తాండూరులో తమ్ముణ్ణి విడిచి అమెరికా వెళ్ళిన మమ్మల్ని కూడ బంధువులు, సంఘస్థులు ఇలాగే అడిగారు. మా అనుభవం మరికొన్ని కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మనకు అమ్మ, తమ్ముడు ఇద్దరూ సొంతవాళ్ళే. అమెరికా చట్టం మాత్రం ఇద్దరినీ ఒకేలా చూడదు. 21 సంవత్సరాలు నిండిన పౌరులు తల్లిదండ్రులకు అర్జీ పెడితే వీసాల సంఖ్యకు పరిమితి లేదు. తోబుట్టువులకైతే, వారి భార్యాబిడ్డలతో కలిపి, ప్రపంచమంతటికీ సంవత్సరానికి సుమారు 65,000 వీసాలే. దేశానికి ఇంత అనే హద్దు వేరే ఉంది. అందుచేత 2006లో అర్జీ పెట్టిన భారతీయులకు 2025లో వంతు వచ్చింది. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవారు వీరెవరికీ అర్జీ పెట్టలేరు.

మేము 2006లో పౌరులం కాగానే ఇద్దరికీ ఐ-130 అర్జీలు పెట్టాము. తమ్ముని విషయంలో ఒకే తల్లి బిడ్డలమని ఋజువు చేయాలి. మునిసిపాలిటీలో మా జననాలు నమోదు కాలేదు. లేవని వారిచ్చిన పత్రంతో పాటు సంఘపు బాప్తిస్మపు రిజిస్టరు నకలు పంపాము. పుట్టిన రెండు నెలల లోపల బాప్తిస్మం ఇచ్చి, పుట్టిన తేదీ, స్థలం, తల్లిదండ్రుల పేర్లు వ్రాసి ఉంటే దాన్ని ఋజువుగా తీసుకుంటారు. ఆ పాత పుస్తకాలను చెదలు పట్టకుండ కాపాడిన పాస్టరు గార్లకు మా వందనాలు.

అమ్మ త్వరగానే వచ్చింది. రెండు చలికాలాలు గడిపింది. "గుడికి పోవాల్నన్నా మీరే కారు తీయాలె. నేను మన ఇంటికి పోత బిడ్డా" అంది. కార్డు అక్కడ నివసించేవారి కోసమే గాని చుట్టపుచూపుగా వచ్చి పోవడానికి కాదు. దాన్ని తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయింది. 2019లో ప్రభువునందు నిద్రించే వరకు తమ్ముడు, మరదలే ఆమెను చూసుకున్నారు.

తమ్ముని వంతు 2025లో వచ్చింది. అర్జీ పెట్టిన నాడు వాని కూతురికి ఆరేళ్ళు, ఇప్పుడు 25. తల్లిదండ్రుల వెంట రావాలంటే పిల్లలకు పెళ్ళి కాకూడదు, 21 నిండకూడదు. అర్జీని పరిశీలించడానికి ఆఫీసు తీసుకున్న కాలాన్ని వయస్సులో తగ్గించాలని 2002లో ఒక చట్టం వచ్చింది. మా అర్జీకి మూడేళ్ళు పట్టింది. తగ్గించినా 22 అయింది. తరువాత పుట్టిన కొడుకు రావచ్చు, కూతురు రాకూడదు.

ఇంటర్వ్యూ ముంబైలో. తమ్ముడు ఫోనులో ఇలా అన్నాడు: "అన్నా, ముంబై బండి మా తాండూరు మీదికెల్లే పోతది. ఎక్కుడు కష్టం కాదు. పిల్లను ప్లాట్‌ఫారం మీద విడిచి ఎట్ల ఎక్కాలె?" వారు రాలేదు.

ఆ మాట మాకు బాధ కలిగించినా అందులో న్యాయం ఉంది. ఈ పందొమ్మిదేళ్ళలో తమ్ముడు "అమెరికా పోయినాక చూద్దాం" అని ఏ పనినీ వాయిదా వేయలేదు. నాపరాళ్ళ పాలిషింగ్ పని వదలలేదు. ఇల్లు కట్టాడు. కూతురిని నర్సింగు చదివించాడు. అందుకే వద్దనుకున్న నాడు వాని చేతులు ఖాళీగా లేవు.

తోబుట్టువులకు అర్జీ పెట్టదలచినవారు ముందు వారి పిల్లల వయస్సులకు ఇరవై ఏళ్ళు కలిపి చూడండి. ఆ లెక్క దాచకుండ వారికి చెప్పండి. డబ్బు తీసుకొని వంతు ముందుకు జరుపుతామనే వారిని నమ్మవద్దు. ఎవరి తేదీ వచ్చిందో అమెరికా ప్రభుత్వమే నెలనెలా ప్రకటిస్తుంది. అమ్మానాన్నలకైతే అర్జీ పెట్టక ముందే వారి మనస్సు అడగండి. అర్జీ పెట్టడం ప్రేమే. ఆ కాగితం కోసం ఊరిలో ఉన్నవారి బ్రతుకు ఆగిపోకుండ చూడటం కూడ ప్రేమే.