ఫైలు మూసినంత మాత్రాన

1979 అక్టోబరు 21న అట్లాంటాలో తొమ్మిదేళ్ళ యూసుఫ్ బెల్ పక్కింటి ముసలావిడకు నస్యం తెచ్చిపెడతానని కొట్టుకు బయల్దేరాడు. కాళ్ళకు చెప్పుల్లేవు, ఒంటిమీద గోధుమరంగు నిక్కరు. మళ్ళీ ఇంటికి రాలేదు. నవంబరు 8న ఓ పాడుబడ్డ బడిలో శవం దొరికింది.

నేనుండేది ఆ ఊరికి ఉత్తరాన, జాన్స్ క్రీక్‌లో. ఇక్కడ మనవాళ్ళకు ఏ బడికి ఎంత రేటింగో, ఏ వీధిలో ఇల్లు ఎంత పలుకుతోందో కంఠతా వచ్చు. కానీ 1979-81 మధ్య అట్లాంటాలో కనీసం ఇరవై ఎనిమిది మంది నల్లజాతి పిల్లలూ యువకులూ హత్యకు గురయ్యారన్న సంగతి ఎంతమందికి తెలుసు? నాకు తెలిసింది మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ వల్ల. అప్పటికి ఆమె బళ్ళో చదువుతోంది. సాయంత్రమయ్యేసరికి పిల్లలకు కర్ఫ్యూ ఉండేదట, తమ్ముణ్ణి వాకిట్లోకి కూడా పోనిచ్చేవాళ్ళు కాదట. “చంపినవాడి మాట అటుంచు, మా అమ్మల్నే అనుమానించారు” అందామె. ఆ మాట విన్నాక చదవడం మొదలుపెట్టాను.

తప్పిపోయిన పిల్లల్లో కొందరిని పోలీసులు ఇంట్లోంచి పారిపోయినవాళ్ళ లెక్కలో వేశారు. యూసుఫ్ తల్లి కామిల్ బెల్, బిడ్డల్ని పోగొట్టుకున్న మరికొందరు తల్లులు 1980లో కమిటీ పెట్టుకుని రోడ్డెక్కారు. ఆ వేసవిలోనే పోలీసుల ప్రత్యేక దళం ఏర్పడింది. జూన్‌లో మాయమైన ఏడేళ్ళ పాప అవశేషాలు అక్టోబరులో బయటపడ్డాయి. వాటిని కనిపెట్టింది పోలీసులు కాదు, వెతకడానికి స్వచ్ఛందంగా కదిలిన ఊరివాళ్ళు.

1981 ఏప్రిల్‌లో జరిగింది మరీ ఘోరం. మేకన్ పట్టణంలో ఒక సభలో ఎఫ్‌బీఐ ఏజెంటు ఒకాయన, కొందరు పిల్లల్ని తల్లిదండ్రులే, బెడద వదిలించుకోవడానికి చంపుకున్నారన్నట్టు మాట్లాడాడు. బిడ్డను మట్టిలో పెట్టి ఇంకా కోలుకోని ఇంటికి ప్రభుత్వం నుంచి అందిన మాట అది! చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ జూన్‌లో వేన్ విలియమ్స్ అనే యువకుడు అరెస్టయ్యాడు. 1982 ఫిబ్రవరిలో రెండు హత్యలకు యావజ్జీవ శిక్ష పడింది. ఆ ఇద్దరూ పెద్దవాళ్ళే, ఒకరికి 27 ఏళ్ళు, ఒకరికి 21. తివాచీ పోగులు, కుక్క వెంట్రుకలు ఆ కేసులో కీలక సాక్ష్యం. మరో పది హత్యల్నీ పోలిక కోసం కోర్టు ముందు పెట్టారు. ఆ తర్వాత ఇరవైకి పైగా కేసుల్ని అతని ఖాతాలో వేసి ఫైళ్ళు మూసేశారు. పిల్లల హత్యల్లో ఒక్కదానికీ విడిగా విచారణ జరగలేదు. అతను నిర్దోషి అని నేననడం లేదు. కానీ “నా కొడుకును చంపింది ఎవరు?” అని తల్లి అడిగితే “ఫైలు మూసేశాం” అనడం జవాబెలా అవుతుంది? కామిల్ బెల్ సహా పలువురు తల్లులు ఆ మాటను ఒప్పుకోలేదు.

ఇదంతా చదువుతున్నప్పుడు మన ఇబ్రహీంపట్నమే గుర్తొచ్చింది. 2007లో అక్కడి హాస్టల్లో హత్యకు గురైన ఫార్మసీ విద్యార్థిని కేసులో, పోలీసులు పట్టుకున్న కుర్రాడు హంతకుడు కాడని ఆ తల్లే చెబుతూ వచ్చింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. కేసు సీబీఐకి వెళ్ళింది, 2019లో సమాధి తవ్వి మళ్ళీ పరీక్షలు చేశారు. కూతురి సమాధి తవ్వుతుంటే చూడాల్సిన గతి ఏ తల్లికీ పట్టకూడదు.

అట్లాంటాలో 2019లో అప్పటి మేయరు కీషా లాన్స్ బాటమ్స్ పాత సాక్ష్యాలను తిరిగి పరీక్షించమన్నారు. 2021లో వాటిని ఉటాలోని ల్యాబ్‌కు పంపారు. ఏం తేలినా ముందు ఆ పిల్లల ఇళ్ళకు మనిషి వెళ్ళాలి, టీవీవాళ్ళ సంగతి తర్వాత. ఫలానా పోగు దొరికింది, ఫలానాది పాడైపోయింది, ఇక్కడితో మాకు దారి మూసుకుపోయింది అని ఎదురుగా కూర్చుని చెప్పాలి, కాగితం మీద రాసివ్వాలి. పాత హత్య కేసును మళ్ళీ చూడమని కుటుంబాలు అడిగే వీలు కల్పిస్తూ జార్జియా 2023లో కోల్‌మన్-బేకర్ చట్టం తెచ్చింది. ఒకరి పేరున రాసేసి మూసిన పిల్లల ఫైళ్ళకు కూడా ఆ వీలు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. తల్లుల్లో కొందరు ఇప్పటికే పోయారు. అడగడానికి మిగిలిన అక్కచెల్లెళ్ళకూ అన్నదమ్ములకూ తల నెరిసింది.