వెదకి తిను తిండి

కుక్కకు అన్నము పెట్టుట యెల్లవారును ఎరిగిన పనియే. గిన్నె ముందుంచిన చాలును. రెండు నిమిషములలో దానిని నాకి, తోక యాడించుచు నిలుచును. పిమ్మట ప్రొద్దంతయు నిద్రించుటయో, దారిని పోవువారిపై మొరుగుటయో తప్ప దానికి వేరు పని లేదు. వాసన పట్టి వెదకి తినుట దాని జాతికి పుట్టుకతో వచ్చిన విద్య. గిన్నెలోని తిండి కడుపు నింపును గాని, యా విద్యకు పని కల్పింపదు.

మా మోతికి పదియవ యేట కన్నులు రెండును పోయెను. గోడలకును స్తంభములకును తగిలి తగిలి, తుద కది అరుగు మూలను విడిచి కదలుటయే మానెను. పిలిచినను బెదరుచుండెను. పశువైద్యుడు పరీక్షించి, "చూపు మరల రాదు. కాని ముక్కు చక్కగా నున్నది. తిండిని దాచి వెదకింపుడు" అనెను.

ఏ తిండిని దాచవలెను? ఇది చిన్న ప్రశ్నవలె తోచును గాని చిన్నది కాదు. పెరుగన్నము నేల కంటుకొనును, చీమలు పట్టును. ఉప్పుచేప వాసన దూరమునకు పోవును గాని అంత యుప్పు కుక్కకు తగదు. పొడిగా నుండి, శనగగింజంత పరిమాణమున నలగక నిలుచునది కావలెను. మొదటి వారము మేక కార్జము నుడికించి, ఆరబెట్టి, చిన్న ముక్కలుగా కోసితిని. కొంచెము వెచ్చగా నున్నప్పుడు దాని వాసన మరింత వ్యాపించును. తొలుత ముక్కు ముందరనే యుంచితిని. తరువాత జానెడు దూరమున. పిదప గోనెసంచి మడతలో. మోతి ఆరితేరిన కొలదిని, వాసన తక్కువగల ఉడికిన చిలగడదుంపకును క్యారెట్టుకును మారితిని. కుక్కకు దుంప యేల యని కొందరు నవ్విరి. కాని పిండిపదార్థమును జీర్ణించుకొను శక్తి తోడేలుకంటె కుక్కకు హెచ్చని 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు జన్యువులను పరీక్షించి చూపిరి. సంకటి తిని బ్రతుకు మన యూరి కుక్కలను చూచినవారి కిది వింత కాదు.

దాచినదంతయు గిన్నెలోని తిండినుండి తగ్గింపవలెను. లేనిచో ఆట పేరిట కుక్క లావెక్కును. ముక్కలను లెక్కించుటయు నవసరమే. పండ్రెండు దాచి పదునొకండు దొరికిన, మిగిలినది ఎలుకల పాలగును.

పండుగనాడు మా నాయనమ్మ, పాయసమునకు తెచ్చిన ఎండుద్రాక్షలు నాలుగు చేత బట్టుకొని వచ్చి, "ఇవి కూడ దాచరా, పాపము!" అనెను. నేను వలదంటిని.

"ద్రాక్ష బలమే గదా?"

"మనకు బలమే నాయనమ్మా! కుక్కకు మూత్రపిండములు చెడును."

ఆమె నమ్మలేదు. ఉల్లి దాని నెత్తురులోని ఎఱ్ఱకణములను చెఱచుననియు, చాక్లెట్టు గుండెను పట్టుననియు, చక్కెరకు మారుగా కొన్ని మిఠాయిలలో వాడు జైలిటాల్ ప్రాణాపాయమనియు, ఉడికిన కోడియెముక పుల్లలుగా చీలి గొంతున గ్రుచ్చుకొననియు వరుసగా చెప్పితిని. "అయితే నీ కుక్క మడి నా మడికంటె కఠినమురా!" అని నవ్వి, ఆమె ఆ ద్రాక్షలను తన నోటనే వేసికొనెను.

ఇప్పుడు మోతి ప్రొద్దుననే అరుగు దిగును. ముక్కు నేల కానించి, తులసికోట చుట్టును తిరిగి, ఒక్కొక్క ముక్కనే యేరుకొనును. గోడ దగ్గరకు రాగానే తానే యాగును. మొన్న నేను దాచని చోటికి, వంటింటి గడప దాటి పోయి, నాయనమ్మ దేవునికై విడిగా నుంచిన కొబ్బరిముక్కను నోట కరచుకొని వచ్చెను. అది నా లెక్కలో లేదు.