ఎర్రజెండా రోజులు

కాలిఫోర్నియాలో వానల లెక్క మన లెక్కకు పూర్తిగా తలకిందులు. మనకు ఎండలు ముదిరాక మబ్బు పడుతుంది. అక్కడ నవంబరు నుంచి మార్చి దాకా, చలికాలంలోనే, కురవవలసినదంతా కురిసి ఊరుకుంటుంది. ఆ తడికి మోకాలెత్తు పెరిగిన గడ్డి మే నెలకల్లా ఎండి పసుపు రంగుకు తిరుగుతుంది. వాళ్ళు దాన్ని బంగారు రంగు అంటారు; ఆ రాష్ట్రానికి బంగారు రాష్ట్రమని ముద్దుపేరు కూడాను. నాకు మాత్రం ఆ కొండలను చూస్తే గడ్డివాముల మధ్య ఇళ్ళు కట్టుకున్నట్టే అనిపించింది.

2024లో బ్యాంకులో పోగైన సెలవులన్నీ వాడుకుని జులై నుంచి అక్టోబరు దాకా మా తమ్ముడింట్లో ఉన్నాం. వాడి ఊరు ఎల్ డొరాడో హిల్స్, శాక్రమెంటోకు తూర్పున సియెర్రా పర్వతాల పాదాల దగ్గర. వీధికి నాలుగైదు తెలుగు ఇళ్ళున్నాయి. శ్రావణ శుక్రవారాలు, వినాయక చవితి అన్నీ యథావిధిగా జరుగుతాయి. అయితే మా మరదలు పసుపు కుంకుమలు ఇచ్చే చేత్తోనే ఫోన్లో గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకుంటుంది. గాలి బలంగా, తేమ బాగా తక్కువగా ఉన్న రోజున వాతావరణ శాఖవారు 'ఎర్రజెండా హెచ్చరిక' ప్రకటిస్తారు. ఆ రోజు గడ్డి కోసే మరయంత్రం కూడా తీయకూడదు. దాని రెక్క రాయికి తగిలి రాలిన రవ్వ చాలు. తలుపు పక్కన ఒక సంచీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అందులో పాస్‌పోర్టులు, ఇంటి కాగితాలు, మందులు, పిల్లల చిన్నప్పటి ఫొటోలు ఉంటాయి. కారును రోడ్డు వైపు ముఖం పెట్టి నిలుపుతారు.

ఎండు గడ్డి తగ్గించడానికి అక్కడ మేకలను అద్దెకు తెస్తారు. వందల మేకలు, చుట్టూ కరెంటు కంచె, కాపలాకు ఒక మనిషి. మన పల్లెల్లో మేకలు చేలో పడ్డాయని తగువులాడతాం, అక్కడ రమ్మని డబ్బిస్తారు.

నిప్పును అసలే రానివ్వకూడదన్న పట్టుదలే కొంత ముప్పు తెచ్చిందని ఇప్పుడు అక్కడివారే ఒప్పుకుంటున్నారు. పూర్వం ఆదివాసులు అడుగున ఉండే తుప్పలను పద్ధతి ప్రకారం కాలుస్తుండేవారు. 1850లో చట్టం చేసి అది మాన్పించారు. 1935లో అమెరికా అటవీ శాఖ, ఎక్కడ మంట కనిపించినా మర్నాడు ఉదయం 10 గంటలకల్లా ఆర్పాలని నియమం పెట్టుకుంది. ఆ నియమం తర్వాత పోయింది గాని, దశాబ్దాలపాటు కాలకుండా పేరుకున్న తుప్ప మాత్రం అడవిలోనే ఉంది. పైగా ఎండలు ఏటేటా పెరుగుతున్నాయి.

మేము వెళ్ళిన నెలలోనే, 24వ తేదీన, చీకో పట్టణం దగ్గర 'పార్క్ ఫైర్' మొదలైంది. అది ఆరేసరికి 4,29,000 ఎకరాలు కాలిపోయాయి. చదరపు కిలోమీటర్లలో 1,700 పైమాటే. అంటే మన బెంగుళూరు నగరాలు రెండు పట్టేంత నేల.

అక్టోబరులో పారడైజ్ అనే ఊరు చూడాలని నేనే పట్టుబట్టాను. దారిలో శాక్రమెంటో లోయ పొడుగునా వరిచేలే. అమెరికాలో వరి అంత విస్తారంగా ఉంటుందని అనుకోలేదు. తర్వాత కొండ ఎక్కితే, రెండు లోయల మధ్య గట్టు మీద, పైన్ చెట్ల నడుమ ఆ ఊరు. 2018 నవంబరు 8న తెల్లవారుజామున ఫెదర్ నది లోయలో, దాదాపు వందేళ్ళనాటి కరెంటు టవరు మీద అరిగిపోయిన కొక్కెం ఒకటి విరిగి తీగ వదులైంది. ఆ రవ్వలు ఎండుగడ్డిలో పడ్డాయి. అప్పటికి రావలసిన మొదటి వాన ఆ ఏడు రాలేదు. శరత్కాలంలో లోపలి ఎడారి వైపునుంచి కొండలు దిగి వచ్చే పొడిగాలి ఆ ఉదయం జోరుగా వీస్తోంది. కొన్ని గంటల్లోనే ఊరు అంటుకుంది. 85 మంది పోయారు, వారిలో ఎక్కువమంది వృద్ధులు. 18,000కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఆ తీగ యజమాని పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ 2020లో 84 మంది మరణాలకు కోర్టులో నేరం ఒప్పుకుంది.

ఊళ్ళో ఎన్నో చోట్ల ఇల్లు లేదు, ఇంటికి వెళ్ళే సిమెంటు బాట ఉంది. బాట చివర మూడు మెట్లు, ఆ తర్వాత గడ్డి. ఆ పక్కనే నిటారుగా పచ్చటి పైన్ చెట్టు. "చెట్టు మిగిలి ఇల్లు పోవడమేమిటి?" అని తమ్ముణ్ణి అడిగాను. "నిప్పురవ్వలు అన్నయ్యా. అవి మంట కంటే ముందు ఎగిరొచ్చి చూరులో, అటకలో దూరతాయి. తర్వాత ఒక ఇల్లు పక్కింటిని అంటిస్తుంది" అన్నాడు. 2010 జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో 26,218 మంది, 2020లో 4,764. కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. కరెంటు తీగలు భూమిలోకి దింపుతున్నారు, సైరన్ స్తంభాలు నిలిపారు.

నేను బి.కాం. చదివే రోజుల్లో బీమా పాఠం సులువుగా ఉండేది. వెయ్యి ఇళ్ళవాళ్ళు తలా కొంత వేసుకుంటే కాలిన ఒక్క ఇంటికీ సరిపోతుంది. వెయ్యి ఇళ్ళూ ఒక్క పూటలో కాలితే? పారడైజ్‌లో ఎన్నో ఇళ్ళకు బీమా ఇచ్చిన మెర్సిడ్ ప్రాపర్టీ అండ్ క్యాజువల్టీ అనే చిన్న కంపెనీకి, ఆ ఒక్క ఊరి బాకీయే 6 కోట్ల 40 లక్షల డాలర్లయింది. ఆస్తులు 2 కోట్ల 30 లక్షలే. నెల తిరక్కుండా దివాలా తీసింది.

మేముండగానే తమ్ముడికి ఉత్తరం వచ్చింది. గడువు తీరాక ఇంటి పాలసీ పొడిగించబోమని, చట్టప్రకారం ఇవ్వవలసిన 75 రోజుల నోటీసు. వాడు చేయనిది లేదు. గోడ చుట్టూ అయిదడుగులు మొక్కలన్నీ పీకి కంకర పోయించాడు, అటక కిటికీలకు సన్న జాలీ బిగించాడు. ఆ కంపెనీవారు విమానం మీంచి తీసిన ఫొటో చూసి ప్రాంతాన్నే కొట్టేశారట. మా మరదలు ఆ రాత్రి భోజనం చేయలేదు. బీమా లేకపోతే ఏమిటి అనుకోవడానికి లేదు, ఇల్లు 30 ఏళ్ళ అప్పులో ఉంది. పాలసీ లేదంటే బ్యాంకే ఖరీదైన పాలసీ ఒకటి తీసి, ఆ డబ్బు వాయిదాలో కలుపుతుంది. అప్పిచ్చేవాడి వైపునుంచి అది సబబే. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. కాని ఆ రాత్రి అవతలి కుర్చీ నుంచి చూశాను.

చివరికి వాడు 'ఫెయిర్ ప్లాన్'లో చేరాడు. ఎవరూ బీమా ఇవ్వని ఇళ్ళ కోసం 1968లో పెట్టిన ఏర్పాటు అది. రాష్ట్రంలోని బీమా కంపెనీలన్నీ కలిసి మోస్తాయి. నిప్పుకు రక్షణ ఇస్తుంది. దొంగతనానికి, పైపు పగిలితే నష్టానికి మరో పాలసీ వేరే కొనుక్కోవాలి. రెండూ కలిపితే పాత ప్రీమియానికి మూడింతలు.

మేము తిరిగి వచ్చిన మూడో నెల, 2025 జనవరి 7న, లాస్ ఏంజెలస్‌లో పాలిసేడ్స్, ఈటన్ మంటలు లేచాయి. జనవరి వానాకాలమే కదా అనుకోవడానికి లేదు, దక్షిణాన ఆ ఏడు వాన మొదలే కాలేదు. 16,000కు పైగా కట్టడాలు పోయాయి. పాలిసేడ్స్‌లో 1,600 పాలసీలు పొడిగించబోమని స్టేట్ ఫార్మ్ కంపెనీ అంతకు ముందు ఏడాదే ప్రకటించి ఉంది. వారిలో చాలామందికి ఫెయిర్ ప్లానే దిక్కయింది. దాని దగ్గర డబ్బు చాలక, 100 కోట్ల డాలర్లు సభ్య కంపెనీలనుంచి రాబట్టుకోవడానికి ఫిబ్రవరిలో అనుమతి తెచ్చుకుంది. అందులో సగం ఆ కంపెనీలు తమ పాలసీదారుల మీద వేసుకోవచ్చు. అంటే లాస్ ఏంజెలస్ మంట ఖర్చులో కొంత, ఆరువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మావాడి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకూ వస్తుంది.

ఆ ఉగాదికి ఫోన్లో మా ఆవిడ గడ్డి కోయించారా అని అడిగింది. "మేకలవాళ్ళకు చెప్పాం వదినా, మే నెలాఖరు దాకా ఖాళీ లేదట" అన్నాడు తమ్ముడు.