అచ్చు పనైనా, స్క్రీన్ పనైనా... పేరు నిజంగా ఉండాలి



మన స్కూల్లో ఏ ఫంక్షన్ జరిగినా ముందు వరుసల్లో నాలుగైదు కలంకారీ చీరలు కనిపిస్తాయి. నెమళ్లు, లతలు, ఇటుక రంగు అంచులు. దూరం నుంచి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ధరలు మాత్రం వందల నుంచి వేల దాకా ఉంటాయి. ఆ తేడా ఎందుకో చూడాలంటే మనం ఎంతో దూరం వెళ్లక్కర్లేదు. ఏలూరు నుంచి కొల్లేరు దాటి, కైకలూరు మీదుగా వెళ్తే పెడన వస్తుంది. అక్కడ మా బాబాయి అద్దకం పని చేస్తారు. నా బీఈడీ ఫీజులో సగం ఆయనే కట్టారు. అందుకే ఇది నాకు ఇంటి విషయం.

బాబాయి మొదట నేర్చుకున్నది చెక్క అచ్చుల పని. గుడ్డను శుభ్రంగా ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు అద్దుతారు. తర్వాత పారే నీళ్లలో జాడించి, రంగునిచ్చే వేళ్లు, ఆకులు వేసిన గంగాళంలో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. పిల్లలకు కెమిస్ట్రీ పాఠం ఇంతకంటే బాగా ఎక్కడ దొరుకుతుంది? రంగుకొక టేకు అచ్చు ఉంటుంది, ప్రతి అచ్చునూ పిడికిలితో గుద్దాలి. బాబాయి కుడి చేతి పక్కన కాసిన కాయ ఇప్పటికీ పోలేదు.

ఆ ఆర్డర్లు తగ్గాక ఆయన స్క్రీన్ బల్ల దగ్గరకు మారారు. ఇక్కడ పొడవాటి బల్ల మీద గుడ్డను ముడత లేకుండా పరుస్తారు. ఫ్రేముకు బిగించిన సన్నని పాలిస్టర్ జాలీకి, వెలుతురు తగిలితే గట్టిపడే పూత పూస్తారు. దాని మీద డిజైన్ ఫిల్మ్ పెట్టి లైటు వేస్తారు. డిజైన్ నీడ పడిన చోట పూత గట్టిపడదు, నీళ్లతో కడిగితే పోతుంది. రంగు దిగేది ఆ దారిలోనే. ఇద్దరు మనుషులు బల్లకు చెరో పక్కన నిలబడి, రబ్బరు పలకతో రంగు లాగుతూ ముందుకు జరుగుతారు. ఇక్కడా రంగుకొక స్క్రీన్. గీత కాస్త పక్కకు జరిగిందంటే గుడ్డ పాడైనట్టే.

పెద్ద మిల్లుల్లో చేతులతో లాగే పని కూడా లేదు. సన్నని రంధ్రాలున్న నికెల్ గొట్టాలు తిరుగుతుంటే వాటి కింద గుడ్డ ఆగకుండా పరిగెడుతుంది. నిమిషానికి పదుల మీటర్లు. ఇలాంటి యంత్రాన్ని 1963లో స్టార్క్ అనే డచ్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. పదిహేడో శతాబ్దం మొదట్లో అదే దేశపు వర్తకులు మచిలీపట్నం వచ్చి మన అద్దకం గుడ్డలు కొన్నారు. భారతదేశపు గుడ్డల పోటీకి తట్టుకోలేక 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. 1721లో ఇంగ్లండ్ అద్దకం నూలు బట్టలు కట్టుకోవడాన్నే నిషేధించింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, గత నెల ఏడో తరగతిలో "మా ఇంట్లో వాళ్ల పని" గురించి ఇంగ్లిష్‌లో మాట్లాడమన్నాను. ఒక పాప వాళ్ల నాన్నగారి స్క్రీన్ ప్రింటింగ్ గురించి చక్కగా చెబుతోంది. వెనక బెంచీ నుంచి "అది డూప్లికేట్ కలంకారీ" అని ఎవరో అన్నారు. పాప మాట ఆపేసి కూర్చుంది.

నేను క్లాసును ఒకటే అడిగాను: "మీ స్పోర్ట్స్ డే టీషర్ట్ మీద హౌస్ పేరు ఎలా వేశారు?" ఎవరికీ తెలియదు. అదీ స్క్రీన్ పనే అని చెప్పాను. దాన్ని ఎవరూ డూప్లికేట్ అనలేదు. పాప లేచి మిగిలింది పూర్తి చేసింది.

స్క్రీన్ ప్రింట్ అబద్ధం కాదు. అది చెమటతో చేసే పని. దాన్ని "చేతి అచ్చు" అని చెప్పి అమ్మితే అది అబద్ధం. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు పెట్టి స్క్రీన్ గుడ్డ అమ్మితే, రోజుల తరబడి కష్టపడే అచ్చు పనివారి కూలి పోతుంది. స్క్రీన్ పనివారికి "నకిలీ" అన్న మాట మిగులుతుంది. లాభం వీళ్లిద్దరికీ కాదు.

కాబట్టి ఈసారి షాపింగ్‌కు వెళ్లినప్పుడు పిల్లల్ని పక్కన పెట్టుకుని గుడ్డ తిప్పి చూడండి. అచ్చు వేసి ఉడికించిన గుడ్డలో రంగు వెనక్కి కూడా దిగుతుంది, అచ్చుకీ అచ్చుకీ కాస్త తేడా ఉంటుంది. స్క్రీన్‌లో ప్రతి పువ్వూ ఒకేలా ఉంటుంది, వెనక వైపు చాలాసార్లు వెలిసినట్టు కనిపిస్తుంది. వీటితోనే పూర్తిగా తేలదు. అందుకే "ఇది బ్లాకా, స్క్రీనా? బిల్లు మీద రాసిస్తారా?" అని అడగండి. మీ బడ్జెట్‌కు తగింది ఏదైనా కొనండి, తెలిసి కొనండి.

సెలవుల్లో ఆటపాక పక్షుల్ని చూడటానికి వెళ్తే, వీలైతే పెడన దాకా వెళ్లి రండి. అచ్చు పట్టుకున్న చేతినీ, రబ్బరు పలక పట్టుకున్న చేతినీ పిల్లలకు చూపించండి. మన క్లాసుల్లో ఆ రెండు ఇళ్ల పిల్లలూ ఉన్నారు.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్