పూత మీదే అమ్ముకున్న తోట

2013 సెప్టెంబరు 1. గారెత్ బేల్ అనే వేల్స్ కుర్రాణ్ని లండన్ క్లబ్బు టోటెన్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ కొనుక్కుంది. ధర సుమారు 8.5 కోట్ల పౌండ్లు. అప్పట్లో ప్రపంచమంతా నోరెళ్లబెట్టిన బేరమది. అతన్ని చిన్నప్పటి నుంచీ సాకి, ఆట నేర్పి, పదహారేళ్లకే పెద్దల జట్టులో దించింది మాత్రం ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్ క్లబ్బు. ఒకనాటి ఒప్పందం నిలిచి ఉంటే, ఆ సొమ్ములో ఇంచుమించు 2 కోట్ల పౌండ్లు ఆ క్లబ్బుకి రావాల్సింది. ఆ వాటా కింద ఒక్క పౌండు కూడా రాలేదు!

ఐపీఎల్ వేలం చూసి అలవాటైన మనకు ఫుట్‌బాల్ లెక్క కాస్త కొత్తగా ఉంటుంది. ఐపీఎల్‌లో పలికిన ధర ఆటగాడి పారితోషికం. ఫుట్‌బాల్‌లో బదిలీ సొమ్ము పాత క్లబ్బుకి వెళుతుంది, ఆటగాడి జీతం వేరే. అందుకే చిన్న క్లబ్బులకు పిల్లల్ని తయారుచేసి అమ్మడమే బతుకుదెరువు. కానీ పదిహేడేళ్ల కుర్రాడు రేపు ఏమవుతాడో ఎవరు చెప్పగలరు? ఆ అనుమానంలోంచి పుట్టిందే ‘సెల్-ఆన్ క్లాజు’. ఇవాళ తక్కువకే ఇస్తాం, రేపు నువ్వు ఎక్కువకు అమ్ముకుంటే అందులో మాకింత శాతం అని ముందే రాయించుకోవడం. పొలం అమ్మినవాడు, రేపు అక్కడ ప్లాట్లు పడితే నాకూ వాటా కావాలని దస్తావేజులో రాయించుకోగలిగితే ఎలా ఉంటుంది? అలాంటిదే ఇదీ.

2007లో బేల్‌ను టోటెన్‌హామ్‌కి అమ్మినప్పుడు సౌతాంప్టన్ అదే చేసింది. చేతికి 50 లక్షల పౌండ్లు, అతని ఆటను బట్టి మరో 50 లక్షల దాకా, ఆపైన తిరిగి అమ్మితే 25 శాతం. కాగితం మీద బ్రహ్మాండమైన బేరం. అయితే, క్లబ్బు అప్పటికే ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారిపోయి ఉంది. ఆదాయం తగ్గింది, ఖర్చులు తగ్గలేదు. 2008లో రొక్కం కోసం మళ్లీ టోటెన్‌హామ్ గడప తొక్కింది. రావాల్సిన సొమ్ములో కొంత ముందుగా తీసుకుని, 25 శాతం హక్కును వదిలేసుకుంది.

ఇప్పుడు చూస్తే పిచ్చి పని అనిపిస్తుంది. అప్పటి సంగతి వేరు. 2007 డిసెంబరులో చీలమండ దెబ్బతిని బేల్ ఆ సీజన్‌కే దూరమయ్యాడు. కోలుకుని వచ్చాకా కలిసిరాలేదు. అతను ఆడిన లీగ్ మ్యాచుల్లో టోటెన్‌హామ్ వరసగా 24 మ్యాచులు గెలవలేకపోయింది. 2009 సెప్టెంబరులో గానీ ఆ శని వదల్లేదు. అలాంటి కుర్రాడి భవిష్యత్తులో పాతిక శాతానికి 2008లో విలువ కట్టమంటే ఎవరు మాత్రం ఎంత కడతారు? అప్పులవాడు గుమ్మంలో కూర్చుని ఉంటే, మామిడి పూత మీదే తోట అమ్ముకునే రైతుకి కాపు ఎంత వస్తుందో తెలియక కాదు... అప్పటిదాకా ఆగే ఓపిక లేక!

పోనీ, ఆ డబ్బుతోనైనా క్లబ్బు నిలబడిందా అంటే అదీ లేదు. 2009 ఏప్రిల్‌లో దాని మాతృసంస్థ దివాలా నిర్వాహకుల చేతుల్లోకి వెళ్లింది. జట్టు మూడో అంచె లీగ్‌కి పడిపోయింది. స్విట్జర్లాండ్ వ్యాపారి ఒకాయన కొనుక్కోబట్టి ఊపిరి నిలిచింది. మరుసటి ఏడాది, 2010 అక్టోబరులో, ఇంటర్ మిలన్ మీద వాళ్ల మైదానంలోనే బేల్ మూడు గోల్స్ కొట్టాడు.

హక్కు వదులుకోని వాళ్లకు ఏమైందో కూడా చూడాలి. రహీం స్టెర్లింగ్‌ను పదిహేనేళ్ల వయసులో లివర్‌పూల్‌కి ఇచ్చిన క్వీన్స్ పార్క్ రేంజర్స్ 20 శాతం రాయించుకుని, దాన్ని అట్టేపెట్టుకుంది. 2015లో అతన్ని మాంచెస్టర్ సిటీ 4.9 కోట్ల పౌండ్ల దాకా పెట్టి కొంది. సరిగ్గా ఆ ఏడాదే ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిపోయిన రేంజర్స్‌కి కోటి పౌండ్లకు దగ్గరగా వాటా ముట్టింది.

ఈ కాగితానికి ఇంకో లోపముంది. ఒప్పందం గడువు తీరిన ఆటగాడు ఉచితంగా వెళ్లిపోవచ్చని 1995లో యూరప్ న్యాయస్థానం బోస్మన్ కేసులో తీర్పిచ్చింది. ఆటగాళ్లకు అది గొప్ప స్వేచ్ఛ, అందులో సందేహం లేదు. కానీ, 18 కోట్ల యూరోల ధర పలికిన ఎంబాపె 2024లో గడువు ముగిశాక రియల్ మాడ్రిడ్‌కి వెళితే పారిస్ క్లబ్బుకి బదిలీ సొమ్మేమీ రాలేదు. అలాంటప్పుడు ఎవరి దగ్గర ఎంత శాతం రాసి ఉన్నా సున్నాలో వాటా సున్నాయే.

బేరమాడే శక్తే లేని చిన్నవాళ్ల కోసం 2001లో ‘ఫిఫా’ ఒక నియమం తెచ్చింది. దేశం మారే బదిలీ సొమ్ములో 5 శాతం, ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల వయసు మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. తొలి నాలుగేళ్లకు ఏడాదికి పావు శాతం, ఆ తర్వాత అర శాతం చొప్పున. పారిస్ శివారులో లేజులిస్ అనే చిన్న క్లబ్బు ఉంది. థియరీ హెన్రీ బంతి తన్నడం నేర్చుకున్నది అక్కడే. 2015లో ఆంథొనీ మార్షల్‌ను మాంచెస్టర్ యునైటెడ్ 3.6 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు, రెండేళ్ల శిక్షణకు ఆ క్లబ్బు వాటా లక్షా ఎనభై వేల పౌండ్లని లెక్క తేలుతుంది. కోట్ల బేరంలో చిల్లరే! పిల్లలు ఆడుకునే క్లబ్బుకి మాత్రం అది మైదానం, బూట్లు, కోచ్ జీతం.

సౌతాంప్టన్ 2012లో ప్రీమియర్ లీగ్‌కి తిరిగొచ్చింది. 2015లో స్కాట్లాండ్ క్లబ్బు సెల్టిక్ నుంచి వాన్ డైక్‌ను కొని, 2018 జనవరిలో 7.5 కోట్ల పౌండ్లకు లివర్‌పూల్‌కి అమ్మింది. ఆ డబ్బంతా దానికే మిగల్లేదు. అమ్మేటప్పుడే 10 శాతం రాయించుకున్న సెల్టిక్ ఆ కాగితాన్ని రెండున్నరేళ్లు భద్రంగా దాచుకుంది. సౌతాంప్టన్ దానికి 60 లక్షల పౌండ్లకు పైగా కట్టింది.